విజయనగరంలో డౌలాగా పని మొదలుపెట్టాలంటే

మాది విజయనగరం. గంటస్తంభం దగ్గర సందులో బ్లౌజులు కుట్టే షాపు నాది. ఇప్పటికీ ఉంది, ఇప్పటికీ కుడతాను. కాన్పులకి తోడెళ్ళే పని, అదే డౌలా పని, ఆ షాపులోంచే పుట్టింది. కొలతలిచ్చేటప్పుడు ఆడవాళ్ళు మనసులోవన్నీ చెప్పేస్తారు. కోడలు నీళ్ళోసుకున్న సంగతి అత్తగారికంటే ముందు నాకే తెలిసిన ఇళ్ళున్నాయి. "అక్కా, పక్క కుట్లిప్పి కాస్త లూజు చెయ్యవా" అంటే ఇంకేం అడుగుతాం? అదే పిల్ల ఎనిమిదో నెలలో వచ్చి, "భయమేస్తందక్కా, లేబర్ రూంలోకి అమ్మని కూడా రానివ్వరంట కదా" అని స్టూలు మీద కూలబడుతుంది. అలాంటి పిల్లలకి సమాధానం వెతుక్కుంటూ ఇటొచ్చాను.

ఈమధ్య రాజాం, నరసన్నపేట, బొబ్బిలి నుంచి ఫోన్లు చేసి, "డౌలా అవ్వాలంటే కోర్సెక్కడక్కా" అని అడుగుతున్నారు. అందరూ మొదట అడిగేది కోర్సే. నేను దాన్ని చివర్లో చెబుతాను. మన జిల్లాల్లో ఈ పని సర్టిఫికెట్ దగ్గర ఆగిపోదు, లేబర్ రూం తలుపు దగ్గర ఆగిపోతుంది.

ఏం చెయ్యాలి, దేనికి చెయ్యి పెట్టకూడదు

డౌలా వైద్యం చెయ్యదు. లోపల చూసి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుందో చెప్పదు, ఇంజక్షన్ ఇవ్వదు, కడుపు మీద ఒత్తదు, బొడ్డు కొయ్యదు. ఇంట్లో కాన్పు అసలే చెయ్యదు. ఈ ఆఖరిదాని దగ్గర నేను మొండిదాన్ని. "నువ్వుండగా ఆస్పత్రెందుకక్కా" అన్న ఇంట్లో రెండోసారి టీ కూడా తాగను.

మరి చేసేదేంటి? పక్కనుండడం, నడిపించడం, నడుం పట్టడం, గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగించడం, డాక్టరుగారు చెప్పింది భయంలో చెవికెక్కకపోతే మళ్ళీ నెమ్మదిగా చెప్పడం. ఇంతేనా అనిపిస్తుంది. అయితే 2017లో వైద్య అధ్యయనాలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థవాళ్ళు 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలు, 15,000 మందికి పైగా తల్లుల వివరాలు కలిపి చూశారు. నొప్పులు పడుతున్నంతసేపూ పక్కన ఒక మనిషి విడవకుండా ఉన్నవాళ్ళకి మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయమూ కొంత తగ్గింది. మన రాష్ట్రానికి ఇది అక్కర్లేని కబురేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి చూస్తే అది 21.5.

అలాగని పెద్దాపరేషన్ అయినవాళ్ళ దగ్గర మొహం చిన్నబుచ్చుకునే డౌలా నాకు నచ్చదు. ఆపరేషన్ అవసరమైన చోట అది ప్రాణం కాపాడుతుంది. ఆ తల్లికి మన అవసరం రెండింతలు. కుట్లతో పక్కకి తిరగడం, బిడ్డని పాలకి పట్టుకోవడం, దగ్గొస్తే పొట్టకి దిండు అదిమిపెట్టుకోవడం, అన్నీ దగ్గరుండి చూపించాలి.

తలుపు

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు తోడుకి అనుమతిస్తూ మార్గదర్శకాలిచ్చింది. మరుసటేడు వచ్చిన లక్ష్య కార్యక్రమం కూడా లేబర్ రూంలో తల్లికి మర్యాద, తోడు ఉండాలనే చెప్పింది. ఆ 2016 షరతులు డౌలా కావాలనుకునేవాళ్ళు నోటికి నేర్చుకోవాలి. తోడుండే మనిషి బంధువుల్లో ఆడమనిషై ఉండాలి, ఒకసారి నొప్పులు పడి కన్నదైతే మంచిది. అంటువ్యాధులుండకూడదు. శుభ్రమైన బట్టలు కట్టుకోవాలి. మొదట్నుంచి చివరిదాకా ఉండాలి. సిబ్బంది పనికి అడ్డు రాకూడదు. పక్క మంచం ఆమె సంగతి పట్టించుకోకూడదు. మరుగు సరిగ్గా ఉన్నచోట భర్తనీ రానివ్వొచ్చు.

మొదటి షరతు మళ్ళీ చదవండి. బంధువు. మీరు బంధువు కారు.

అంటే మా విజయనగరం ఘోషా ఆస్పత్రిలోనో, జనం ఇంకా రిమ్స్ అనే పిలుచుకునే శ్రీకాకుళం పెద్దాస్పత్రిలోనో ఆ ఒక్క చోటూ తల్లిదో, అత్తదో, అక్కదో. దాని కోసం వాళ్ళతో పోటీకి దిగితే మన పని అక్కడితో సరి. నేను చేసేది, ఆ లోపలికెళ్ళే మనిషిని నెలా రెండు నెలల ముందు నుంచీ తయారు చెయ్యడం. నా పనిలో ఎక్కువ భాగం ఇదే. సిటీ డౌలాలకి ఇది డౌలా పనే అనిపించకపోవచ్చు. అనిపించకపోతే పోనీ.

ప్రైవేటు నర్సింగ్ హోముల్లో అంతా డాక్టరమ్మ ఇష్టం. ఏడో నెలలోనే గర్భిణితో కలిసి వెళ్ళి, నేనెవరో, ఏం చేస్తానో, ఏం చెయ్యనో రెండు నిమిషాల్లో చెబుతాను. ఒప్పుకుంటే ఆ మాట ఫైలు మీద రాయించాలి. ఒకచోట నోటిమాటగా సరేనన్నారు. తీరా నొప్పులొచ్చిన రాత్రి డ్యూటీలో వేరే డాక్టరు. నన్ను మెట్ల దగ్గరే ఆపేశారు, తెల్లారేదాకా బెంచీ మీదే ఉన్నాను. హెడ్ సిస్టర్‌కి కూడా ముందే కనిపించండి. రాత్రిపూట లేబర్ రూం నడిపేది ఆవిడే.

లోపలికెళ్ళే మనిషిని తయారు చెయ్యడం

ఎనిమిదో నెల రాగానే మూడు పూటలు కూర్చుంటాను. గర్భిణి, తోడొచ్చే ఆవిడ ఇద్దరూ ఉండాలి. ఒకరే ఉంటే మొదలుపెట్టను.

మొదటి పూట ఊపిరి. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తీసి గర్భిణి అరచేతిలో పెట్టి, నిమిషం పాటు గుప్పిట మూసి ఉంచమంటాను. ఇరవై సెకన్లకే మొహం ముడుచుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది. అప్పుడు తోడు మనిషి ఆ భుజాల మీద చెయ్యేసి కిందికి నిమిరి, ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలమని తనూ పాటు చెయ్యాలి. నోటితో చెప్పి ఊరుకుంటే కుదరదు. నొప్పుల్లో మాట వినపడదు గానీ పక్కవాళ్ళ ఊపిరి వినబడుతుంది. ఒక్కో నొప్పి కూడా ఇంచుమించు నిమిషమే ఉంటుందని ఆ ఐసు ముక్కతో వాళ్ళకి తెలిసొస్తుంది.

రెండో పూట నడుము. గుర్ల దగ్గర ఒక ఇంట్లో, వరండాలో, కుర్చీని తిరగేసి పిల్లని దాని వీపు మీదికి వాలి కూర్చోమన్నాను. వాళ్ళమ్మ వెనకాల నిలబడింది.

"ఎక్కడ పట్టాలమ్మా, ఇక్కడా?" అని నడుం మధ్యలో వేళ్ళు పెట్టింది.

"ఇంకా కిందికి పిన్నీ. పావడా బొందు దాటి కిందికి. గట్టిగా పలకలా తగుల్తందా? అద్గదీ. వేళ్ళు కాదు, అరచేతి మడమ పెట్టు. మోచెయ్యి వంచకుండా నీ బరువంతా ముందుకెయ్యి."

"ఓలమ్మా, అంత గట్టిగానా? పిల్లకి నెప్పెట్టదేటి?"

"అమ్మా, ఇంకా గట్టిగా నొక్కే" అంది పిల్ల, తలెత్తకుండానే.

నొప్పి మొదలైనప్పుడు నొక్కాలి, తగ్గగానే వదలాలి. బిడ్డ తల వెనకభాగం తల్లి వెన్నువైపు ఉన్నప్పుడు నొప్పంతా నడుంలోకే దిగుతుంది. అప్పుడీ ఒత్తిడి ఇచ్చే సుఖం మరేదీ ఇవ్వదు. రెండు తుంట్లనీ పక్కల్నుంచి అరచేతులతో లోపలికి అదమడం ఇంకో పద్ధతి. చేతులు త్వరగా నొప్పెడతాయి కాబట్టి ఇద్దరుంటే మార్చుకోవాలి.

దీంతోపాటు నాలుగు అలవాట్లు నేర్పుతాను. వెల్లకిలా పడుకోబెట్టకుండా, డాక్టరు ఒప్పుకున్నంతసేపు నడవనివ్వాలి, లేకపోతే ఎడమవైపు తిప్పాలి. గంట రెండు గంటలకోసారి బాత్రూంకి తీసుకెళ్ళాలి, నిండిన మూత్రాశయం బిడ్డ దిగడానికి అడ్డం. ఒప్పుకుంటే కొబ్బరినీళ్ళు, మజ్జిగ తేట పట్టాలి. "ఇంకా కాలేదేటి, పక్కింటామెకి రెండు గంటల్లో అయిపోయింది" అనే మాట నోట్లోంచి రాకూడదు. నాలుగోది నేర్పడం అన్నిటికంటే కష్టం.

మూడో పూట ప్రశ్నలు. డాక్టరుగారు ఏదైనా చేద్దామంటే మర్యాదగా అడగాల్సినవి మూడే: ఇది ఎందుకు, కాసేపు ఆగితే ఏమవుతుంది, వేరే దారేదైనా ఉందా. రక్తం పోతున్నప్పుడో బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడో ప్రశ్నలుండవు, సంతకమే. ముహూర్తం గొడవ కూడా ఈ పూటే వస్తుంది. పంతులుగారు రాసిచ్చిన టైముకి ఆపరేషన్ చేయించాలని ఇంటి పెద్దలు పట్టుబడతారు. నేను గ్రహాల గురించి వాదించను. 39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డ ఊపిరికి ఇబ్బంది రావచ్చని చెప్పి, ఆ తేదీకి ఎన్ని వారాలవుతాయో డాక్టరమ్మనే అడగమంటాను. చాలా ఇళ్ళల్లో పంతులుగారికి ఇంకో మంచి రోజు దొరికేస్తుంది.

ఎప్పుడు బయల్దేరాలి

మొదటి కాన్పయితే, నొప్పులు ఐదు నిమిషాలకొకటి, ఒక్కోటి నిమిషం చొప్పున, గంటసేపు అలాగే వస్తే బయల్దేరాలి. రెండో కాన్పయితే అంతదాకా ఆగకూడదు. పల్లెల్లో ఉన్నవాళ్ళు, ఏజెన్సీ వైపువాళ్ళు ఇంకా ముందే రావాలి. సాలూరులో గిరిజన గర్భిణుల వసతి గృహం పెట్టింది ఈ బాధకే, డోలీ మోతలో నొప్పులు పడకుండా.

ఉమ్మనీరు పోవడం, అది పచ్చగా ఉండడం, రక్తం కనబడడం, బిడ్డ కదలిక తగ్గడం, విపరీతమైన తలనొప్పితో కళ్ళు మసకలు కమ్మడం, ఫిట్స్. వీటిలో ఏదొచ్చినా నొప్పులు లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం పిల్లయితే, అక్కడ కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి, నేను బీపీ కాగితాలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ముందే అడిగి చూస్తాను. అర్థం చెప్పడానికి కాదు, పరీక్ష చేయించారో లేదో తెలుసుకోడానికి. నడుం నొప్పికి మెడికల్ షాపులో బిళ్ళలు కొని మింగొద్దని ఆ ఇళ్ళల్లో రెండుసార్లు చెబుతాను.

మన ఊళ్ళ క్యాలెండరు కూడా చూసుకోవాలి. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ పూట టౌన్లో కారు కదలదు. తేదీ ఆ వారంలో పడితే ముందురోజే ఆస్పత్రికి దగ్గరున్న చుట్టాలింటికి చేరిపోమంటాను. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ ఆ నెల్లోనే వచ్చాయి. తుపాను కబురు వినగానే ఫోన్లు చార్జింగ్ పెట్టడం, సంచీ గుమ్మం దగ్గర పెట్టుకోవడం, తేదీ దగ్గరున్నవాళ్ళని డాక్టరుకి చూపించడం.

సంచీలో ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరలు (కొత్తవి గంజితో గరుకుగా ఉంటాయి), ముందు తెరుచుకునే నైటీలు, ఆధార్, తల్లీబిడ్డ రక్షణ కార్డు, స్కానింగులు, బ్యాంకు పుస్తకం, ఫ్లాస్కు. నైటీలు నేనే కుట్టిస్తాను. ఆపరేషన్ కుట్ల మీద పడకుండా నడుం దగ్గర అతుకు లేకుండా. ఇందులో మాత్రం నన్ను కొట్టేవాళ్ళు లేరు. రక్తం తక్కువున్న పిల్లయితే అదే గ్రూపు మనిషి ఫోన్ నంబరు సంచీ లోపల రాసి ఉంచాలి.

బాలింత ఇంట్లో

హోలిస్టిక్ వెల్‌నెస్ అని ఇప్పుడు పెద్ద పేరుతో నూనెలు, పొడులు, ప్యాకేజీలు అమ్ముతున్నారు. మన ఇళ్ళల్లో అది ఎప్పట్నుంచో ఉంది. అందులో మంచిదీ ఉంది, ఆపాల్సిందీ ఉంది. ఆ రెండూ విడదియ్యడం వచ్చినవాళ్ళే ఈ పనికి పనికొస్తారు. నేను ఏ పొడీ అమ్మను. అమ్మడం మొదలెడితే ఆశా కార్యకర్త మనల్ని గుమ్మం తొక్కనివ్వదు, అది న్యాయమే.

ఉంచాల్సినవి: చోడి (రాగి) అంబలి, మునగాకు, వెల్లుల్లి, నువ్వులు, వేడి నీళ్ళ స్నానం, తల్లికి నువ్వులనూనె మర్దన, బాలింతకి ఇంటిపని చెప్పకపోవడం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, బెల్లం కలిపిన కాయం కొద్దిగా తింటే నేనేమీ అనను. బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే మాత్రం డాక్టరుని అడగాలి.

ఆపాల్సినవాటిలో మొదటిది నీళ్ళు తగ్గించడం. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందని, గ్లాసుడు నీళ్ళకి కూడా లెక్క పెడతారు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే నీళ్ళు చాలట్లేదన్నట్టే. "ఎండాకాలం మీకెంత దాహమేస్తుందో ఆ పిల్లకి అంతకంటే ఎక్కువమ్మా" అంటే పెద్దావిడలు వింటారు. పుస్తకంలో ఉందంటే వినరు. రెండోది పథ్యం పేరుతో పప్పు, కూరలు మానిపించి కారప్పొడి అన్నంతో నెల గడిపించడం. మూడోది తలుపులన్నీ మూసి మంచం కింద బొగ్గుల కుంపటి. ఆ గాలి ప్రాణం తీస్తుంది. వెచ్చదనం కావాలంటే దుప్పటి చాలు.

బిడ్డకి ముర్రుపాలు పిండి పారబోయకూడదు, పుట్టిన గంటలోపు రొమ్ముకి పట్టాలి. ఆరు నెలలు తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దు. ఆముదం, వస, తేనె నాకించకూడదు. కంటికి కాటుక, బొడ్డుకి పసుపు, ముక్కులో చెవిలో నూనె చుక్కలు వద్దు. కాటుక మానమంటే పోట్లాట అవుతుంది, అందుకని అరికాలికి దిష్టిచుక్క పెట్టుకోమంటాను. అందరికీ సమ్మతమే.

ఇంటికొచ్చాక గంటకో ప్యాడు తడిసిపోతున్నా, మైల కంపు కొడుతున్నా, జ్వరమొచ్చినా, కాలు పిక్క వాచి నొప్పెడుతున్నా అదే రోజు ఆస్పత్రి. మొదటి వారం పది రోజులు ఊరికే ఏడుపొస్తే కంగారక్కర్లేదు, నిద్ర పోనిస్తే చాలావరకు తేలికపడుతుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, బిడ్డని చూడబుద్ధి కాక, బతకాలనిపించట్లేదంటే అది గాలి సోకడం కాదు. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలన్న మాట వచ్చిందంటే ఒక్కర్తినీ వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను వెళ్ళినప్పుడల్లా బిడ్డని చూడకముందు తల్లి పక్కన కూర్చుంటాను. ఇంటికొచ్చినవాళ్ళందరూ బిడ్డ మీదే పడతారు కదా.

కోర్సు, డబ్బు

మన దేశంలో డౌలాకి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అంటూ లేవు. నర్సింగ్ కౌన్సిల్లో పేరెక్కే పని కాదిది. 1992లో మొదలైన అమెరికా సంస్థ దోనా ఇంటర్నేషనల్ లాంటివాళ్ళ శిక్షణ మన దేశంలోనూ దొరుకుతుంది, ఆన్‌లైన్లోనూ ఉంది. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషే. చెయ్యొచ్చు, మంచిదే. అయితే పదో తరగతి చదివి తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళు అది లేదని ఆగిపోవద్దు. ముందు తల్లీబిడ్డ రక్షణ కార్డు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. ప్రమాద సూచనలు, టీకాలు, బరువు లెక్కలు అన్నీ తెలుగులో బొమ్మలతో సహా ఉన్నాయి. అది రాకుండా విదేశీ సర్టిఫికెట్ గోడకి తగిలించి లాభం లేదు. నర్సింగ్ చదివి, నిజంగా కాన్పులు చెయ్యాలని ఉన్నవాళ్ళ దారి వేరు. 2018 మార్గదర్శకాలతో వచ్చిన మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ పద్దెనిమిది నెలలు. వాళ్ళు డౌలాలు కారు, మంత్రసానులూ కారు.

ఫీజు ముందే చెప్పేయండి. కాన్పయ్యాక అడిగితే ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ మొహమాటమే. నేను మూడు పూటల నేర్పడానికి ఒక రేటు, కాన్పుకి తోడెళ్ళడానికి ఒక రేటు, బాలింత దగ్గరికి వెళ్ళడానికి ఒక రేటు కాగితం మీద రాసిస్తాను. లేనివాళ్ళ దగ్గర కుట్టుపని మీద సర్దుకుంటాను. ఈ పని ఒక్కదాని మీదే ఇల్లు గడవదు, ఇంకో సంపాదన వదులుకోకండి. రాత్రి రెండింటికి ఫోనొస్తే ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారో, మీకు జ్వరమొస్తే మీ బదులు ఎవరెళ్తారో తేల్చుకున్నాకే మొదటి పిల్లని ఒప్పుకోండి.

మొదలెట్టాలనుకుంటే నెలలో 9వ తారీఖు మంచి రోజు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ఆ రోజు ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ పీహెచ్‌సీకి వెళ్ళండి. ముందు మీ ఊరి ఆశా కార్యకర్తకి చెప్పి, ఆవిడతోనే వెళ్ళండి. డాక్టరుగారి జోలికి పోకండి, ఆ రోజు ఆవిడకి తల తిప్పే తీరికుండదు. వరసలో నిలబడ్డవాళ్ళకి కుర్చీ జరపండి, ఐరన్ బిళ్ళ టీతో పాలతో వేసుకోవద్దని చెప్పండి, సిస్టరుగారు పిలిచిన పేర్లు వెనక వరసకి అందించండి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆ సిస్టరుగారే అడుగుతుంది, "ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు?" అని. అప్పుడు చెప్పండి మీ పనేంటో.